యాసిడ్ సీసా ఇంట్లోనే ఉంచండి

నవంబరు 2 సమాధుల పండుగ. అప్పుడు మా ఓరుగల్లు సమాధుల తోటల్లో సున్నం బకెట్లు, బంతిపూల దండలు, కొవ్వొత్తులు. ఎవరి పెద్దల సమాధి వాళ్ళు కడుక్కుంటారు. వెనక దిక్కులేని సమాధులను కడిగేదెవరు?

మూడేళ్ళ కిందట మిత్రుడి నాయనమ్మ సమాధి కడగడానికి తోడు వెళ్ళి, ఆ దిక్కులేని వరసల్లో ఇరుక్కుపోయాను. సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. చుట్టూ ఉండాల్సిన ఇనుప కటకటాలు ఎప్పుడో పాత సామాన్ల కొట్టుకు చేరినట్టున్నాయి. చేతులు విరిగిన శిలువలు, వాటి పక్కన బీరు సీసాలు. ఆదివారాలు పదిమందిమి పోగవడం మొదలుపెట్టాం. అందరూ చర్చికి పోయేవాళ్ళేం కాదు. టీ కొట్టు నడిపే మల్లన్న భక్తుడొకాయన, ఇద్దరు ఆటో డ్రైవర్లు, రిటైరైన లెక్కల సారు.

మొదటి పాఠం ముసలి మేస్త్రీ చెప్పాడు. "తుమ్మను పీకకుండ్రి సారూ, వేరుతోటి గోరీ మూల గూడ లేస్తది." నేల మట్టానికి నరికి, చిగురేసినప్పుడల్లా నరుకుతూ పోవాలి. వేరు దానంతటదే చస్తుంది. విసుగు పుట్టించే పని.

రెండో పాఠం నా తప్పుతోనే వచ్చింది. ఓ షాబాద్ బండ మీద నల్లగా పాచి పట్టి ఉంది. బాత్రూము కడిగే యాసిడ్ పోద్దామన్నది నేనే. బుసబుసా నురగ లేచింది. మురికి పొంగుతోందని మురిసిపోయాను. పొంగింది మురికి కాదు, రాయి. షాబాద్ బండంటే సున్నపురాయేగా! ఆరాక చూస్తే పేరులో మొదటి రెండక్షరాలు, పుట్టిన సంవత్సరం మాయం. తేదీల్లో చనిపోయిన సంవత్సరం ఒక్కటే మిగిలింది. దొంగలు పట్టుకుపోయింది ఇనుమే, పేరు చెరిపింది మాత్రం నేను.

ఇప్పుడు మా సామాను నీళ్ళు, కొబ్బరి పీచు, వెదురు పుల్ల. బండను బాగా తడిపి, కింది నుంచి పైకి రుద్దుతాం, మురికి చారలు కట్టకుండా. ఒక్క బండకు పూట పడుతుంది. అక్షరాలు అందకపోతే పొద్దుటి ఎండ కోసం చూస్తాం. ఏటవాలు వెలుగులో అరిగిన గీత కూడా నీడ పడి తేలుతుంది. బీట పడిన చోట సిమెంటు మెత్తం. అది తేమను లోపలే బిగబట్టి పాత కట్టడాన్ని పగలగొడుతుంది. హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు 2013 నుంచి పదేళ్ళకు పైగా చేసిన పనిలో పెద్ద వంతు, వెనకటి తరాలు మెత్తిన సిమెంటును ఊడదీసి మళ్ళీ సున్నం పూయడమే. ఆ సున్నంలో బెల్లం, మారేడు గుజ్జు కలిపారు. మన తాతలకు తెలిసిన సంగతే.

ఇదంతా చెప్పడానికి కారణం దామరవాయి. మేడారం ఉన్న తాడ్వాయి మండలంలోనే, అడవిలో గుట్ట మీద, ఇనుప యుగం నాటి సమాధులున్నాయి. నాలుగు వైపులా రాతి పలకలు నిలిపి, పైన ఒక బండ కప్పి, లోపల రాతి తొట్టె పెట్టారు. అంతంత బండలు మనుషులెత్తారంటే నమ్మలేక ఊళ్ళవాళ్ళు రాకాసి గుళ్ళన్నారు. గుప్తనిధుల పిచ్చోళ్ళు వీటినీ వదల్లేదు. అక్కడ దొరికేది మహా అయితే ఎముకలు, కుండ పెంకులు, ఇనుప ముక్కలు.

మేడారం జాతరకు పోయినప్పుడు అటు కూడా పోయి చూడండి. కానీ ఒరిగిన పలక కనబడగానే నలుగురూ చేయి వేసి లేపకండి. అది ఏ వైపు, ఎట్లా పడిందన్నదే పురావస్తు శాఖ వాళ్ళకు ఆధారం. ఫొటో తీసి వాళ్ళకు చెప్పండి. రాయి మీద పేరు గీకే కుర్రాడు కనిపిస్తే ఆపండి.

చేతులు ఊరుకోనంటే మా తోటకు రండి. ఆదివారం పొద్దున ఏడింటికి మొదలు. కొబ్బరి పీచు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.