మున్నేటికి అవతల ఇంకొకటి

2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర విజయవాడ–హైదరాబాద్ హైవే ఎక్కింది. మరుసటేడు సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే వరస. కీసర వైపు ఆగిన బండ్లు ఇటే, నందిగామ వైపు ఆగినవి అటే. ఇలాంటి చోట పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ వేసి, పెళ్లి వీడియోలూ పొలం కాగితాల స్కాన్‌లూ పెట్టుకుని ఇంటి సర్వర్ నడిపేవాళ్లు దానికి జతగా రెండో మెషిన్‌ను పక్కగదిలో పెట్టుకుంటే ఏం లాభం? ఏటికి అవతల, నందిగామలోనో జగ్గయ్యపేటలోనో చుట్టాలింట్లో పెట్టాలి.

జత అనగానే చాలామంది డిస్కును ఉన్నదున్నట్టు దించేస్తారు. 1970ల యూనిక్స్ నాటి డీడీ కమాండ్ ఆ పనికి ఇప్పటికీ పనికొస్తుంది. కానీ కొత్త మెషిన్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు మారుతుంది, సెట్టింగుల్లో పాత పేరే ఉంటుంది. సిస్టమ్ ఆన్ అవుతుంది, నెట్ మాత్రం రాదు. అందుకే అనుభవజ్ఞులు డెబియన్ కొత్తగా వేస్తారు. పాతదాంట్లో తాము కోరి వేసుకున్న ప్యాకేజీల జాబితా తీసి, వాటినే ఇందులో వేస్తారు. సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్లో తాము మార్చిన ఫైళ్లనే తెస్తారు, మొత్తం ఫోల్డర్ కాదు. ఫలానా మార్పు ఎందుకు చేశామో రాసిన నోటుబుక్కు ఉంటే సగం పని అయినట్టే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేసే స్వేచ్ఛ సంస్థ కుర్రాళ్లు కాలేజీల్లో నేర్పే లినక్స్ విద్యలో ఈ రాసిపెట్టుకునే అలవాటుకే నేను ఎక్కువ మార్కులేస్తాను.

యూజర్ల దగ్గర ఓ తిరకాసుంది. లినక్స్ ఫైలు మీద యజమాని పేరు రాయదు, నంబరు రాస్తుంది. పాతదాంట్లో నాన్నది 1000, అబ్బాయిది 1001 అనుకోండి. కొత్తదాంట్లో అబ్బాయి ఖాతా ముందు తెరిచి, పాత డిస్కు తెచ్చి తగిలిస్తే నాన్న ఫైళ్లన్నీ అబ్బాయివైపోతాయి. రెండింట్లోనూ నంబర్లు ముందే ఒకేలా ఉండేలా చూడాలి. ఇంకో జాగ్రత్త: నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను అలాగే కాపీ కొట్టకూడదు. డంప్ తీసి ఎక్కించాలి.

మిగతా డేటాకు ఆర్‌సింక్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో విడుదల చేశారు. ఫైల్లో మారిన ముక్కల్నే పంపడం దాని గొప్పతనం. మొదటి కాపీ ఇంట్లోనే కేబుల్ వేసి పూర్తిచేసి, తర్వాత మెషిన్‌ను ఏరు దాటించండి; రోజువారీ మార్పులకు మామూలు బ్రాడ్‌బ్యాండ్ చాలు. డిలీట్ ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త. ఒకరోజు ఇక్కడి డేటా డిస్కు మౌంట్ కాక ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే, ఆర్‌సింక్ అక్కడున్నదీ బుద్ధిగా తుడిచేస్తుంది. జత ఉన్నా తేదీలవారీ పాత కాపీలు విడిగా ఉంచాలి.

ఒక ఆదివారం మొదటిదాన్ని ఆపేసి ఇంటిల్లిపాదీ రెండోదాంతోనే గడపండి. ఏది మరిచామో సాయంత్రానికల్లా బయటపడుతుంది. కరెంటు పోయి వచ్చాక అవతలి మెషిన్ తనంతట తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో పెట్టడమూ మరవద్దు. లేకపోతే వాన రాత్రి ఫోన్ చేసి, అత్తయ్యగారిని బల్ల కింద బటన్ వెతికి నొక్కమనాలి.