తినదగిన బొమ్మలు

రెండు ఆలుగడ్డ చిప్సులను ఒకదానిపై నొకటి వాల్చి, పసుపుపచ్చని వెన్నపూతలో గ్రుచ్చి, ఇదియే బాతుముక్కు అని చూపగలిగిన బుద్ధికి నేను సహస్ర నమస్కారము లర్పింతును. తియ్యని కేకునకు ఉప్పని చిప్సులా యని పాకశాస్త్రవేత్తలు నొసలు ముడిచినను, నాలుగేండ్ల శిశువు క్షణమైనను సందేహింపక అది బాతే యని యొప్పుకొనును. పసివాని జన్మదినమునకై ఇంటిలో తల్లియో తండ్రియో తీర్చిదిద్దు బొమ్మకేకు లన్నిటిలో నా దృష్టిలో చక్రవర్తి ఈ బాతు.

ఆ బాతు పుట్టినది ఆస్ట్రేలియా దేశమున. 1933 నుండి వెలువడుచున్న ‘ది ఆస్ట్రేలియన్ విమెన్స్ వీక్లీ’ పత్రికవారు 1980లో బాలల జన్మదినపు కేకులను గూర్చి యొక పుస్తకమును ప్రకటించిరి. ఎలెన్ సింక్లెయిర్, పమేలా క్లార్క్ మొదలగు పాకనిపుణుల కృషి ఫలమైన యా పుస్తకమున 100కు పైగా ఆకృతులు గలవు. ముఖపత్రముపై రైలుబండి, దాని పెట్టెల నిండ మొక్కజొన్న పేలాలు, మిఠాయిలు. లోపల పియానో, ఈతకొలను, ఏ యేటి బిడ్డకు ఆ యేటి అంకె. అక్కడి బాలలు తమ పుట్టినరోజునకు ఎంతో ముందుగానే ఆ పుటలు త్రిప్పుచు, నిన్న కోరినది నేడు మార్చుచు, తల్లుల ప్రాణములు తీయుచు పెరిగిరనిన అతిశయోక్తి కాదు. 2020లో ‘బ్లూయీ’ అను వారి బొమ్మల ధారావాహికలో ఈ బాతుకేకును గూర్చి యొక భాగమే వచ్చినది. అందు చిన్నకూతురు బింగో కోరినదే తడవుగా తండ్రి బాండిట్ ఆ దుష్కరకార్యమునకు పూనుకొని చెమటలు క్రక్కును. నలువది యేండ్ల తరువాత గూడ ఒక పాకగ్రంథములోని బొమ్మ ఇంటింట నవ్వు పుట్టించుచున్నదనిన, అంతకన్న ప్రశస్తి యేమి కావలెను?

ఈతకొలను సంగతి చెప్పక ముందుకు సాగజాలను. గుండ్రని కేకు నడుమ గుంట తీసి, ఆ గుంట గోడలకును అడుగునకును వెన్నపూతను దట్టముగా మెత్తవలెను. లేనిచో జెల్లీ తడి కేకులోనికి దిగి, కొలను కాస్త బురదమడుగగును. జెల్లీని వేరుగా గడ్డకట్టించి, చెంచాతో చెదరగొట్టి నింపినచో, వెలుతురు పడినప్పుడు నిజమైన నీటి అలలవలెనే తళతళలాడును. చుట్టును చాకొలెట్టు పూసిన వ్రేలి బిస్కత్తులను నిలువుగా అంటించినచో ప్రహరీ సిద్ధము. ఈ కళలో పళ్లెముపైనున్న సమస్తమును తినదగినదై యుండవలెననుట నా మతము. అయినను ఆ కొలనులో ఈదులాడు ప్లాస్టిక్కు బొమ్మలను మాత్రము క్షమింతును. అభిమానమునకు ఆ మాత్రపు పక్షపాతము తప్పదు.

ఇక పని విధానము. కేకును పండుగనాడు గాక ముందునాడే కాల్చుట తొలి రహస్యము. అప్పుడే దిగిన కేకు కత్తి తగిలినంతనే పొడిపొడియగును. ఒక రాత్రి ఊరకుండినదో, మంచు అరలో కొంతసేపుండి బిగిసినదో, చెప్పినట్లు వినును. గ్రుడ్ల నురుగుతో ఉబ్బిన స్పాంజికేకు ఈ పనికి కొరగాదు. వెన్న సమృద్ధిగా గల కేకే చెక్కుడునకు ఓర్చును, పైపూత బరువును మోయును. ఆకృతిని కాగితముపై గీసి, కత్తిరించి, కేకుపై పరచి, రంపపు పండ్ల కత్తితో నిలువుగా కోయవలెను. మిగిలిన ముక్కలను పిల్లలకు పంచిపెట్టుటకు తొందరపడరాదు. బాతు తోకయు, బండి పొగగొట్టమును వానిలోనే దాగియుండును.

కోసిన యంచులనుండి రాలిన పొడి పైపూతలో కలిసినచో, పచ్చని బాతు గజ్జి పట్టినట్లు కనబడును. కావున తొలుత పలుచని పూత నొకదానిని పూసి, పొడినంతయు అందు బంధించి, అరగంట చల్లనిచోట నుంచి, పిమ్మట అసలు పూతకు దిగవలెను. 250 గ్రాముల ఉప్పులేని వెన్నను తెల్లబడువరకు గిలుకొట్టి, 500 గ్రాముల ఐసింగు చక్కెరను విడతలు విడతలుగా చేర్చుట సాధారణమైన కొలత. రంగును జెల్ రూపమున సూదిమొనతో తీసి కలుపవలెనే గాని, నీళ్లరంగును కుమ్మరించినచో పూత జారిపోవును. నలుపు మహా మొండిది. దానికై తెల్లని పూతలో సీసాడు రంగు పోయుట అవివేకము. కోకో కలిపిన గోధుమవన్నె పూతతో మొదలిడి, కొద్దిగా నల్లరంగు చేర్చి, రాత్రి యంతయు నిలిపినచో తనంత తానే చిక్కబడును. పచ్చరంగు పట్టించిన కొబ్బరి తురుము పచ్చికయగును. అతిమధురముతో చేసిన నల్లని లికొరైస్ పట్టీలు రైలు పట్టాలగును, పియానో మెట్లగును, పిల్లి మీసములగును. బాతుతల నిలుచుటకు వెదురుపుల్ల గ్రుచ్చినచో, వడ్డించుటకు ముందు దానిని తీసివేయుట మాత్రము మరువరాదు.

జన్మదినపు కేకుపై దీపములు వెలిగించు ఆచారము జర్మనీలో మొదలైనదందురు. 1843లో ఇంగ్లండున ఆల్ఫ్రెడ్ బర్డ్ బేకింగు పొడిని కనుగొనుటతో ఇంటింట కేకు సులభమయ్యెను. కేకులపై పూతతీగల నల్లుటలో జోసెఫ్ లాంబెత్ అంతటివాడు లేడు. తీగపై తీగ, దానిపై మరియొక తీగ పేర్చి నీడలు పుట్టించిన యా మహానుభావుని గ్రంథము 1934 నాటిది. అది రాజాస్థానపు విద్య. మన బాతు పెరటి విద్య. లాంబెత్ చేతిపనికి ఏండ్ల సాధన కావలెను. బాతునకు వంటయింటి డబ్బాలలో నున్న వస్తువులను మరియొక కంటితో చూడగల చమత్కారము చాలును.

ఆ చమత్కారమునే నేడు హతమార్చుచున్నారు! తినదగిన సిరాతో చక్కెర కాగితముపై బొమ్మ నచ్చువేసి, చదునైన కేకుపై అంటించి, ఇదియే ‘థీము కేకు’ అని వేలకు వేలు గుంజు అంగడివారిని చూచినప్పుడు నాకు ఒళ్లు మండును. అందు శిల్పమేది? చెక్కిన దెవరు? దానిపై నిలిపిన ప్లాస్టిక్కు వీరులను పీకివేసినచో క్రింద మిగులునది, వెన్న యొక్క వాసనయైనను ఎరుగని వృక్షపు కొవ్వు నురుగు. ఇక ఫాండెంటు! జెలటిను, గ్లూకోజు చేర్చి పిసికిన ఆ చక్కెర రొట్టెను కప్పినచో కేకు నున్నగా నుండుట నిజమే, ఛాయాచిత్రములో ముద్దులొలుకుటయు నిజమే. కాని ఏ బిడ్డయైన దానిని నమిలి మ్రింగుట చూచితిరా? ఒలిచి పళ్లెపు టంచున పెట్టుదురు. వెన్న 32 నుండి 35 డిగ్రీలకే కరుగును, మే నెల బెజవాడలో వేడిమి 40 దాటును, కావున మనకు ఫాండెంటే గతి యని వాదించువారు గలరు. శీతలపేటికనుండి తీసినప్పుడు ఉక్కగాలిలో ఆ ఫాండెంటు గూడ చెమర్చి జిగటయగునన్న సంగతిని వారు చెప్పరు. వేసవి బిడ్డలకు కేకును సాయంకాలము వరకు చల్లగా నుంచి, కోయుటకు కొంచెము ముందుగా బయటికి తెచ్చినచో వెన్నపూత నిక్షేపముగా నిలుచును.

మన యిండ్లలో ఈ విద్యకు చోటు లేదనుటయు పొరపాటే. ఓవెను ముఖమెరుగని కాలమున మా పినతల్లి ప్రెషరు కుక్కరు అడుగున ఇసుక పోసి, మూత రబ్బరును, విజిలును తీసివేసి, సన్నని సెగపై కేకు కాల్చెడిది. తమ్మునికి రైలు కావలసివచ్చినప్పుడు చక్రములకై ఆమె అంగడికి పోలేదు. డబ్బాలోని చేగోడీలు తీసి గ్రుచ్చినది. బొగ్గుకు నల్లద్రాక్ష, పొగకు మరమరాలు, పెట్టెలలో సరకుగా బూందీ. ఆస్ట్రేలియా పుస్తకమును ఆమె చూచి యెరుగదు; చిప్సును ముక్కుగా చూచిన కన్నును, చేగోడీని చక్రముగా చూచిన కన్నును మాత్రము ఒకే జాతివి.

మెల్‌బోర్నులోను సిడ్నీలోను కాపురముండు తెలుగు తల్లులకు ఆ పాత పుస్తకము సులభముగా దొరకును. వారు ఆ బాతును చేసి చూచి, మన పిండివంటలతో దానికి బంధువులను సృష్టింపవలెనని నా మనవి. ఇచ్చటి ప్రచురణకర్తలు, ఏటేటా అవే ఊరగాయల పుస్తకములను అచ్చువేయుటలో కొంత విరామము తీసికొని, తెలుగు పిల్లల బొమ్మకేకులకు ఒక పుస్తకము వేయరాదా? రంగుల సోంపు పలుకులతో ఈకలు తీర్చిన రామచిలుక, కజ్జికాయల మూపురములుగల ఎద్దులతో ఎడ్లబండి, జీళ్లతో పెంకులు కప్పిన మండువా లోగిలి: ఇన్ని ఆకృతులు కాచుకొనియున్నవి. ప్రతి పుటలోను కాగితపు నమూనా కొలతలతో నుండవలెను; కుక్కరులో కాల్చు విధమును, ఓవెనులో కాల్చు విధమును రెండును వ్రాయవలెను; ఛాయాచిత్రము పెద్దదిగా, రంగులలో, ఇంకను చదువురాని బిడ్డ వ్రేలితో చూపి ‘నాకిది’ అని అడుగుటకు వీలుగా నుండవలెను.