సిలువను ఎట్లా చదవాలి?

తెలకపల్లి చుట్టుపక్కల తండాల వైపు పోతే ఒకచోట సేవాలాల్ గుడి మీద తెల్లజెండా, ఇంకోచోట రేకుల ప్రార్థన మందిరం మీద సిలువ కనబడడం ఇప్పుడు కొత్తేమీ కాదు. మన పిల్లలు రాసే కవితల్లోకి కూడా సిలువ వచ్చింది. అమ్మ సిలువ మోసింది, వలసపోయిన నాయన సిలువ మోసిండు అని రాస్తున్నారు. అందులో తప్పు లేదు. కానీ ఆ మాట వెనక ఏముందో తెలియకుండా వాడితే అది ఉత్త అలంకారంగా మిగిలిపోతుందని మా అభిప్రాయం.

ముందు మాట సంగతి చూద్దాం. కొందరు శిలువ అంటారు, బైబిల్లో సిలువ అని ఉంటుంది. ఇది ఇంగ్లీషు నుంచి పుట్టిన మాట కాదు. పశ్చిమాసియా పాత క్రైస్తవుల సిరియాక్ భాషలో దీన్ని 'స్లీవా' అంటారు, తమిళంలో 'సిలువై' అంటారు. యూరప్ ఓడలు రాకముందే కేరళ తీరంలో ఆ భాషలో ప్రార్థన చేసుకునే క్రైస్తవులున్నారు. కాబట్టి సిలువ అంటే తెల్లదొరల గుర్తు అని ఒక్కమాటతో తేల్చేయడం కుదరదు.

ఇక వస్తువు సంగతి. సిలువ మొదట పూజ గుర్తు కాదు, చంపే కొయ్య. రోమన్ పాలకులు దాన్ని ఎక్కువగా బానిసల మీద, తిరగబడినవాళ్ల మీద వాడారు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచినాక, పట్టుబడిన 6,000 మంది బానిసలను కపువా నుంచి రోమ్ దాకా బాట పొడవునా సిలువ వేశారు. చచ్చేవాణ్ని చూపించి బతికున్నవాళ్లను భయపెట్టడమే దాని పని. యేసును చంపింది కూడా ఆ కొయ్య మీదనే. తొలినాటి క్రైస్తవులు చేపను, లంగరును గీసుకున్నారు గాని సిలువ బొమ్మను బాహాటంగా పెట్టుకున్నది తక్కువ. రోమ్‌లో దొరికిన ఒక పాత గోడగీతలో గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద ఉంటాడు. అది క్రైస్తవుణ్ని ఎగతాళి చేస్తూ గీసింది.

మనకు ఇది తెలియని కథేం కాదు. 1860లో రాంజీ గోండును, ఆయన వెంట నిలిచినవాళ్లను నిర్మల్‌లో మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యిమందిని అని జనం చెప్పుకుంటారు, అందుకే అది వెయ్యి ఉరుల మర్రి. భయపెట్టడానికి ఎంచుకున్న చెట్టే తరువాతి తరాలకు తలెత్తుకుని చెప్పుకునే గుర్తయింది. సిలువ కథలో మొదటి మలుపు కూడా ఇదే. యేసు అందరి కోసం చనిపోయి మళ్లీ లేచాడని నమ్మినవాళ్లు అవమానపు కొయ్యను ఆశకు గుర్తుగా మార్చుకున్నారు.

రెండో మలుపు వేరు. 312లో యుద్ధానికి ముందు కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆకాశంలో సిలువ గుర్తు చూశాడని యూసేబియస్ రాశాడు. అప్పటినుంచి అది రాజుల చేతికి, సైన్యాల చేతికి పోయింది. సిలువ పేరు చెప్పుకునే రాజ్యాలే 16వ శతాబ్దంలో యూరప్‌లో అనబాప్టిస్టులను నీళ్లలో ముంచి, మంటల్లో కాల్చి చంపాయి. ఆ అనబాప్టిస్టుల వారసులే మెన్నోనైట్లు. 20వ శతాబ్దం మొదట్లో మన నాగర్‌కర్నూల్ వైపు మిషన్ పెట్టింది మెన్నోనైట్ బ్రదరన్ వాళ్లు. అంటే మన దగ్గరికి సిలువను తెచ్చినవాళ్ల పూర్వీకులు కూడా సిలువ పట్టుకున్న పాలకుల చేతిలో చచ్చినవాళ్లే.

అందుకే సిలువ కనబడితే ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఇది చచ్చినవాని వైపు ఉందా, చంపినవాని వైపు ఉందా? తెల్లజెండా దించితేనే సిలువ నిలబడుతుందనేవాళ్లు, సిలువ విరిస్తేనే తండా బతుకుతుందనేవాళ్లు ఇద్దరూ గుర్తును మళ్లీ బెదిరింపుగా మారుస్తున్నారు. సిలువ వేసుకుంటే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని భయపెట్టే మాట కూడా అట్లాంటిదే. 1950 షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. పిల్లలు తమ కవితలో సిలువ అని రాస్తే కొట్టేయవద్దు. ఎవరిని వేశారు, ఎవరు వేశారు, చుట్టూ నిలబడి చూసింది ఎవరు అని అడగండి. ఆ మూడింటికీ జవాబు ఉన్న కవితలో అమ్మ మోసిన బరువు నిజంగా కనబడుతుంది.