మొల్లకు వంట ఎవరు చేశారు?

డిగ్రీ రెండవ సంవత్సరం తరగతిలో మొల్ల రామాయణం పాఠం ముగిస్తుండగా వెనుక వరుస నుంచి ఒక విద్యార్థిని లేచి, "మేడమ్, ఆమె రామాయణం రాస్తున్నన్నాళ్ళూ వంట ఎవరు చేశారండీ?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. సాయంత్రం ఇంటికి వచ్చి స్టవ్ ముందు నిలబడిన తరువాత గాని అది నవ్వవలసిన ప్రశ్న కాదని నాకు తట్టలేదు. ఎమ్.ఏ.లో గాని, ఆ తరువాత పాఠాలు చెబుతూ గడిపిన ఏళ్ళలో గాని నేను చదివిన సాహిత్య చరిత్రలేవీ ఈ ప్రశ్న వేయలేదు.

సాహిత్యానికి భౌతిక పునాది ఉన్నదని మనమందరం అంగీకరిస్తాము. ప్రబంధాన్ని వివరించేటప్పుడు రాజాస్థానాన్ని, అగ్రహారాన్ని, రైతు కట్టిన పన్నును లెక్కలోకి తీసుకుంటాము. కాని రచయిత్రి విషయం వచ్చేసరికి మన విమర్శ భావవాదంలోకి జారిపోతుంది. ఆమెకు చైతన్యం ఉన్నదా లేదా అని విచారిస్తాము. తీరిక ఉన్నదా అని విచారించము. నాలుగు మంచి కథలు రాసి ఆమె మానివేస్తే "ఉత్సాహం చల్లారింది" అని తేల్చివేస్తాము. ప్రతిభ దైవదత్తమన్న పాత వాదానికి ఈ ఉత్సాహం అనే మాట కొత్త ముసుగు మాత్రమే.

ప్రాచీనులను ఈ దృష్టితో ఒకసారి చూడండి. మొల్లను సంప్రదాయం అవివాహితగానే చెప్పుకొంటున్నది. ముద్దుపళని 18వ శతాబ్దపు తంజావూరులో ప్రతాపసింహుని ఆస్థానంలో తన కళతో జీవించినది. తరిగొండ వెంగమాంబ బాల్యవితంతువు. తిరుమల చేరి భక్తురాలిగా కావ్యాలు రాసినది. ముగ్గురిలో ఒక్కరూ సంసారం ఈదిన గృహిణిగా మనకు తెలియరు. దీన్ని యాదృచ్ఛికమని వదిలివేయడం విమర్శకుల లక్షణం కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో వెలికితెచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ కూడా తన కళతో తాను సంపాదించుకున్న మనిషే. ఆ గ్రంథాన్ని ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. అంటే ఒక స్త్రీకి రాసే తీరిక దొరికినా, రాసినది నిలవడానికి మరొక స్త్రీ సంపాదనా సాహసమూ కావలసి వచ్చినవన్నమాట.

గృహిణి కలం పట్టిన తొలినాళ్ళకు భండారు అచ్చమాంబ (1874–1905) ఉదాహరణ. ఆమె బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే అతనితోపాటు నేర్చుకున్నది. ఆమె 'ధనత్రయోదశి' కథ 1902లో 'హిందూసుందరి'లో వచ్చింది. ఇంట్లో చదువు చెప్పే ఒక మనిషి, అచ్చువేసే ఒక పత్రిక, చదివే స్త్రీలు – ఈ మూడూ కలిసినందువల్ల అచ్చమాంబ రచయిత్రి కాగలిగింది. వీటిలో ఏది లోపించినా ఆమె ప్రతిభ ఆమె ఇంటి గోడలు దాటేది కాదు.

1960, 70 దశకాలలో పత్రికలు సీరియల్ నవలలకు డబ్బివ్వడం మొదలైన తరువాత స్త్రీలు పెద్ద సంఖ్యలో రాశారు. మనవాళ్ళు దానిని కలల వ్యాపారమన్నారు. అందులో నిజం లేకపోలేదు. మధ్యతరగతి కన్నెపిల్లకు కారున్న కథానాయకుణ్ణి చూపించి సమస్యను దాటవేసిన నవలలు అనేకం. అయితే అది సగం నిజమే. తెలుగు స్త్రీ తన రాతకు కూలి అందుకున్న మొదటి పెద్ద సందర్భం కూడా అదే. మార్కెట్టు ఆమెకు డబ్బిచ్చి వస్తువును నిర్ణయించింది. మనం వస్తువును నిర్ణయించాము గాని డబ్బివ్వలేదు. ఆ పాఠకలోకం నుంచే వచ్చిన రంగనాయకమ్మ మరొక దారి చూపించారు. తన పుస్తకాలను తానే అచ్చువేసి, చవకగా అమ్మి, ప్రచురణకర్తల దయ మీద ఆధారపడకుండా దశాబ్దాలపాటు రాశారు. ఆమె సిద్ధాంతాలతో తగవుపడేవారు సైతం ఈ అనుభవాన్ని అధ్యయనం చేయవలసి ఉన్నది.

ఈ విషయం రాగానే వర్జీనియా ఉల్ఫ్ 1929 నాటి గ్రంథాన్ని, ఆమె కోరిన సొంత గదిని, ఏటా 500 పౌన్లను ఉదహరించడం మామూలైపోయింది. ప్రశ్న సరైనదే. కాని ఆ పౌన్లు ఆమె కథనంలో మేనత్త రాసిచ్చిన ఆస్తిగా వచ్చినవి. మన విద్యార్థినులకు అటువంటి మేనత్తలు లేరు. నాకు అమెరికన్ రచయిత్రి టిల్లీ ఓల్సెన్ ఎక్కువ దగ్గరగా కనిపిస్తుంది. ఆమె వామపక్ష కార్యకర్త, నలుగురు బిడ్డల తల్లి, ఉద్యోగాలు చేసుకు బ్రతికిన మనిషి. 1930లలో మొదలుపెట్టిన ఆమె నవల 'యొనాండియో' అసంపూర్ణంగానే 1974లో గాని వెలువడలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1955లో ఇచ్చిన ఫెలోషిప్పు ఆమెకు రాసుకునే వ్యవధి కల్పించింది. రాయలేకపోయిన సంవత్సరాలను కూడా సాహిత్య చరిత్రలో భాగంగా లెక్కించాలని 1978లో 'సైలెన్సెస్' గ్రంథంలో వాదించినది ఆమెయే.

ఆ లెక్క మన దేశంలోనూ ఉన్నది. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో ఆ అంకెలు 289, 88. ఐదేళ్ళలో స్త్రీకి పది నిమిషాలు మిగిలినవి. పది నిమిషాలలో ఉత్తరం రాయవచ్చునేమో గాని నవల రాయలేము.

అందుచేత మన సంఘాలు "సోదరీమణులు ముందుకు రావాలి" అని తీర్మానాలు చేయడంతో సరిపెట్టుకోరాదు. సభలను స్త్రీలు రాగల వేళలలో జరపాలి. పిల్లలను చూసుకునే పని వంతులవారీగా పురుష సభ్యులు తీసుకోవాలి. స్వల్పమైనా సరే, ప్రతి రచనకూ పారితోషికం ఇవ్వాలి. కళాశాల గ్రంథాలయాన్ని సెలవుదినాలలో తెరిపించి, ఒక బల్లను రాసుకునే విద్యార్థినులకు కేటాయించాలి. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెబితే మరికొందరు విని గ్రంథం చేశారు. రాసే తీరిక లేనివారి అనుభవాన్ని అక్షరం చేసే ఆ పద్ధతిని ఇప్పటికీ మనం కొనసాగించవచ్చు.

అన్నిటికంటె ముఖ్యంగా విమర్శకులు మారాలి. రచయిత్రి మొదటి పుస్తకానికి మెచ్చుకోలు, రెండవ పుస్తకానికి మౌనం మనలో ఆనవాయితీగా మారింది. ఆమెకు కావలసినది ముద్దుచేయడం కాదు. ఈ పాత్ర ఎందుకు నిలవలేదు, ఈ ముగింపు ఎందుకు అబద్ధమైంది అని పుటలు చూపి చెప్పే మనిషి కావాలి. అటువంటి ఒక్క ఉత్తరం పది సన్మానాల పెట్టు.

ఈ వ్యాసానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టినవి. చివరి రెండు ఆదివారాలు మా అత్తగారు పిల్లవాణ్ణి చూసుకుని, వంట కూడా చేశారు గనుక ఇది పూర్తయింది. మొల్ల విషయంలో ఆ విద్యార్థినికి నేను జవాబు చెప్పలేకపోయాను. నా విషయంలో చెప్పగలను: నా తీరిక మరొక స్త్రీ చాకిరీ. ఈ భారం ఒక స్త్రీ నుంచి మరొక స్త్రీకి మారడం పరిష్కారం కాదని, దానిని సంఘమే మోయాలని మనం గుర్తించనంతకాలం, మనలో రాసే ప్రతి స్త్రీ వెనుకా రాయలేకపోయిన మరొకరు ఉండిపోతూనే ఉంటారు.