తన లెక్క తానే దిద్దుకున్న సమీక్ష

ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ల మందుల డబ్బాలో ఇన్‌హేలర్ పక్కన, వారానికొకటి పాలలో కలుపుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ప్యాకెట్ కూడా తరచు కనిపిస్తుంది. అది ఆయాసానికి పనికొస్తుందా? వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్షలో జవాబుంది. జవాబు కోసమైతే ఒక్క నిమిషం చాలు, పనితనం చూడాలంటే ఓ సాయంత్రం పడుతుంది. పట్టనివ్వండి.

ముందు వెనకటి సంగతి. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ మార్టినో ముందుండి చేసిన 2016 నాటి కాక్రేన్ సమీక్ష, విటమిన్ డి మేలు చేస్తుందనే చెప్పింది. స్టిరాయిడ్ మాత్రలు వాడాల్సి వచ్చేంతగా ఉబ్బసం ముదరడం మనిషికి ఏడాదికి 0.44 సార్ల నుంచి 0.28కి తగ్గిందని లెక్క. అప్పటికి వయోజనుల మీద జరిగిన పరీక్షలు రెండే దొరికాయి. 2023 నాటికి వయోజనులవి 5, పిల్లలవి 15 చేతికొచ్చాయి, మొత్తం 2,225 మంది. మార్టినో కూడా ఉన్న బృందం మళ్లీ లెక్క కట్టింది. మేలు కనబడలేదు. కనబడలేదనే రాసింది.

ఆ లెక్కను బొమ్మకట్టిన తీరు చూడండి. ఒక్కో పరీక్షకు ఒక్కో అడ్డగీత, దాని మీద చిన్న చదరం. లెక్కలో ఆ పరీక్షకున్న బరువును బట్టి చదరం పెరుగుతుంది. ఫలితం ఎంత అనిశ్చితంగా ఉంటే గీత అంత సాగుతుంది. మధ్యలో నిలువుగీత ఉన్నచోట, అంటే 1 దగ్గర, విటమిన్ డి తీసుకున్న గుంపుకూ తీసుకోని గుంపుకూ తేడా లేనట్టు. అన్నీ కలిపిన ఫలితం అడుగున వజ్రంలా ఉంటుంది. అది నిలువుగీతకు పూర్తిగా ఒక పక్కన నిలిస్తేనే మేలో కీడో అనగలం. ఇక్కడ రెండు గుంపుల్లో ఉబ్బసం ముదిరిన లెక్కల నిష్పత్తి 1.04, అంటే వజ్రం గీత మీదే కూర్చుంది.

నాకు మరీ నచ్చినవి రంగు చుక్కలు. ఎవరు ఏ గుంపో చీటీ వేసినట్టు పంచారా, ఏది అసలు మందో రోగికీ డాక్టరుకూ తెలియకుండా దాచారా, మధ్యలో మానేసినవాళ్ల లెక్క చెప్పారా అన్నవాటికి పచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు పెడతారు. (టానిక్కుల ప్రకటనలకూ ఈ చుక్కలు పెట్టిస్తే ఎన్ని పచ్చగా మిగులుతాయో!) తన లోటునూ సమీక్ష దాచలేదు: ఉబ్బసం తీవ్రంగా ఉన్నవాళ్లు, విటమిన్ డి మరీ తక్కువున్నవాళ్లు ఈ పరీక్షల్లో కొద్దిమందే.

స్టిరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడిన వృద్ధులకు ఎముకలు గుల్లబారకుండా డాక్టర్లు రాసే కాల్షియం, విటమిన్ డి సంగతి వేరు. వాటిని సొంతంగా ఆపకండి. ఆయాసానికి మాత్రం ఆ ప్యాకెట్‌ను నమ్ముకుని ఇన్‌హేలర్ మానేయకండి.