పళ్లెం చప్పుడుకు ఉలిక్కిపడితే చాలదు

బిడ్డకు వినపడటం లేదేమోనన్న అనుమానం ముందుగా తల్లికే వస్తుంది. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా నేను గట్టిగా నమ్మే మాట ఇది. తలుపు దబాలున పడినా కదలని బిడ్డను, వెనక నుంచి పిలిస్తే తిరగని బిడ్డను రోజంతా చూసేది ఆమే. ఆ సంగతి ఇంట్లో చెబితే అత్తగారు స్టీలు పళ్లెం కింద పడేస్తారు. బిడ్డ ఉలిక్కిపడతాడు. "వినపడుతోందిగా, నీదంతా చాదస్తం" అంటారు. వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదని మామగారు గుర్తు చేస్తారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ ఓదార్పుతోనే ఏడాది గడిచిపోతుంది.

పళ్లెం పడితే నేల అదురుతుంది, చెయ్యి కదలిక కంటికి ఆనుతుంది. బిడ్డ దేనికి ఉలిక్కిపడ్డాడో ఎవరు చెప్పగలరు? నిజంగా విన్నా, అంత మోత వినపడినవాడికి మాటల్లోని స, ష లాంటి సన్నటి ధ్వనులు వినపడతాయన్న భరోసా లేదు. చెవుడుతో పుట్టిన పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగా ఉంగా అంటారు. ఆ తర్వాత రావలసిన తాతాతా, బాబాబాలే సమయానికి రావు.

నెలలోపు తొలి పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలు. మా వృత్తిలో అందరం పట్టుకుని నడిచే లెక్క ఇది. వెయ్యి మంది పసికందుల్లో ఒకరి నుంచి ముగ్గురిదాకా శాశ్వత వినికిడి లోపంతో పుడతారు. తొలి పరీక్ష ఓఏఈ. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి టిక్ టిక్‌మనే శబ్దాలు పంపితే, ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి తిరిగి సన్నటి ధ్వని పంపుతుంది. డేవిడ్ కెంప్ 1978లో ప్రకటించిన సంగతి ఇది. పుట్టిన రోజున చెవిలో ఉమ్మనీరు, మడ్డి ఉంటే 'రిఫర్' అని రావచ్చు. అందుకు బెంగపడక్కర్లేదు, మళ్లీ చేయించడం మాత్రం మానకూడదు. ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డకు, కామెర్లు ముదిరిన బిడ్డకు ఓఏఈ ఒక్కటే చాలదు. లోపలి చెవి బాగానే ఉండి, నరంలో లోపం ఉంటే అది పట్టుకోలేదు.

అప్పుడు చేసేది బెరా. బిడ్డ గాఢంగా నిద్రపోవాలి కాబట్టి, దారిలో నిద్రపోనివ్వకుండా తెమ్మని, ఆ రోజు తలకు నూనె పెట్టొద్దని చెబుతాను. నూనె ఉంటే ఎలక్ట్రోడ్లు సరిగా అంటవు. తల్లి పాలిచ్చి ఒళ్లోనే పడుకోబెట్టాక నుదుటి మీద, చెవుల వెనక మెల్లగా రుద్ది వాటిని అతికిస్తాను. లైటు తగ్గిస్తాం. శబ్దం వెళ్తుంటే తెర మీద నరం ఇచ్చే జవాబు అలలుగా లేస్తుంది. అందులో ఐదో అలే మాకు ముఖ్యం. 70 డెసిబెళ్ల దగ్గర మొదలుపెట్టి 50, 40, 30కి దిగుతూ పోతే అది కాస్త ఆలస్యంగా, చిన్నదిగా కనబడుతూ వస్తుంది. 30 దగ్గర కూడా నిలిస్తే నా గుండె తేలికవుతుంది. 70లోనే తెర చదునుగా ఉంటే వైర్లు సరిచూసి మళ్లీ చేస్తాను. తల్లి తెర వంక చూడదు, నా మొహం వంకే చూస్తుంది.

ఫలితం చెప్పాక మొదటి ప్రశ్న, "నా వల్లేనా మేడమ్?" గ్రహణం రోజు బయటికి వెళ్లావని అప్పటికే ఎవరో అని ఉంటారు. గ్రహణానికీ చెవికీ సంబంధం లేదు. వినికిడి లోపమున్న పిల్లల్లో ఎక్కువమంది అమ్మానాన్నలకు చక్కగా వినపడుతుంది. లోపమున్న జన్యువు ఇద్దరి దగ్గరా ఒక్కో కాపీ ఉండి, రెండూ బిడ్డకు వస్తే చెవుడు రావచ్చు. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది, బయటి సంబంధాల్లోనూ ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు రుబెల్లా సోకడం లాంటివి మరికొన్ని కారణాలు. ఏ ఒక్కటీ ఆమె తప్పు కాదు. ఆ మాట భర్తనూ అత్తగారినీ కూర్చోబెట్టి వాళ్ల ముందే చెబుతాను.

చెవి మిషన్లున్నాయి, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలోనే అది ఆరోగ్యశ్రీలో చేరింది. కానీ ఐదేళ్లకు వచ్చిన బిడ్డకు ఆ ఆపరేషన్ చేసినా, ఏడాదికి వచ్చిన బిడ్డకు వచ్చినంత సులువుగా మాట రాదు. బీసీజీ వేయకుండా బిడ్డను ఇంటికి పంపని ఆసుపత్రులు ఓఏఈ చేయకుండా కూడా పంపకూడదు. రిఫర్ వస్తే మళ్లీ ఏ తేదీన రావాలో కాగితం మీద రాసివ్వాలి. ఆ తేదీకి రాకపోతే ఆశా వర్కర్ ఇంటికి వెళ్లి అడగాలి.