రెండు పెట్టెలుంటే జత అయినట్టేనా?

పాత స్పీకర్లు చేతికి రాగానే చాలామంది వైరు తగిలించి పాట పెట్టేస్తారు. వాటి సంగతి తెలిసినవాళ్లు మాత్రం ముందు పెట్టెను వెనక్కి తిప్పి చూస్తారు. ఏ ఏడాది సరుకో, రెండూ నిజంగా ఒక జతేనో తేల్చే పని అక్కడే మొదలవుతుంది. ఈ విద్య నేర్చుకోవడానికి ఏఆర్ స్పీకర్లను మించినవి లేవని నా నమ్మకం. ఆ కంపెనీ చేసిన ప్రతి మార్పూ పెట్టె మీదో లోపలో ఏదో ఒక గుర్తు వదిలింది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్‌లో 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ (ఏఆర్) కంపెనీ పెట్టారు. అప్పటిదాకా మంద్రస్వరం నిండుగా వినపడాలంటే బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. విల్చర్ పెట్టెను గాలి చొరకుండా మూసేశాడు. మంద్రస్వరం పలికే వూఫర్ కోన్ అంచును వదులుగా పెట్టి, దాన్ని మళ్లీ యథాస్థానానికి తెచ్చే పనిని లోపల చిక్కుకున్న గాలికి అప్పగించాడు. దాంతో పుస్తకాల అరలో పట్టే పెట్టె కూడా గంభీరంగా పలికింది. ఏఆర్-3 1958లో వచ్చింది, ఏఆర్-3ఏ 1967లో.

వెనక చీటీ మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు ఉంటాయి. అందరూ వాటినే చూస్తారు. నేనైతే ముందు చిరునామా చదువుతాను. 24, థార్న్‌డైక్ స్ట్రీట్ పక్కన ‘కేంబ్రిడ్జ్ 41’ అని ఉంటే ఆ చీటీ పాత రోజుల్లో అచ్చయింది. అమెరికాలో అయిదంకెల జిప్ కోడ్ 1963 జులైలో మొదలైంది కాబట్టి ‘02141’ అని ఉన్న చీటీ అంతకు ముందుది కాదు. 1967లో టెలిడైన్ సంస్థ ఏఆర్‌ను కొనేసింది. ఆ పేరు కనిపిస్తే ఇంకా తర్వాతిది. ఊరు నార్‌వుడ్ అని ఉంటే 1970ల్లోకి వచ్చేశాం. మన ఇళ్లలోని పాత రేడియోలకూ ఈ కిటుకు పనికొస్తుంది. పిన్‌కోడ్ మనకు 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెల పిన్ అచ్చయి ఉంటే ఆ చీటీ అంతకు ముందుది అయ్యే వీల్లేదు. పిన్ లేనంత మాత్రాన పాతదనుకోకూడదు. అచ్చు వేయించిన చీటీల కట్ట అయిపోయేదాకా ఏ కంపెనీ అయినా వాటినే అంటిస్తుంది.

చీటీ చెప్పేది పెట్టె సంగతే. లోపలి సరుకు సంగతి తెలియాలంటే ముందువైపు గుడ్డ తీయాలి. ఏఆర్-3, 3ఏ పైకి ఒకేలా ఉంటాయి. గుడ్డ తీస్తే తేడా తెలుస్తుంది: మధ్య స్వరాలు పలికే గుమ్మటం 3లో రెండంగుళాలు, 3ఏలో అంగుళంన్నర. కింద ఉన్న పన్నెండు అంగుళాల వూఫర్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. కోన్‌ను రెండు చేతుల వేళ్లతో, అటూ ఇటూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. పెట్టెలో గాలి బిగువుగా ఉంటే అది నింపాదిగా పైకి వస్తుంది. టక్కున ఎగిరొస్తే ఎక్కడో గాలి కారుతోంది. ఇక అంచు చూడండి. 3ఏ తొలినాళ్ల వూఫర్లకు పూత పూసిన గుడ్డ అంచు, పోత అల్యూమినియం చట్రం, ఆల్నికో అయస్కాంతం ఉండేవి. 1970 దరిదాపుల్లో ఫోమ్ అంచు, రేకు చట్రం, ఫెర్రైట్ అయస్కాంతం వచ్చాయి. గుడ్డ అంచు దశాబ్దాలు నిలుస్తుంది. ఫోమ్ పదిపదిహేనేళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. ‘కేంబ్రిడ్జ్ 41’ చీటీ ఉన్న పెట్టెలో ఫోమ్ వూఫర్ కనిపిస్తే అది తర్వాత ఎవరో వేసిందే.

ఏఆర్ తన వూఫర్లను తనే తయారుచేసుకునేది. బయట కొన్న స్పీకర్లను పెట్టెల్లో బిగించిన అమెరికా కంపెనీలూ ఉన్నాయి. వాటి సరుకైతే స్పీకరు చట్రం మీదో అయస్కాంతం మీదో అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటి అంకెలు తయారీదారువి: 220 అంటే జెన్సెన్, 328 అంటే యూటా, 137 అంటే సీటీఎస్. తర్వాతివి ఏడాది, వారం. 220 6732 అంటే జెన్సెన్ 1967లో 32వ వారంలో, అంటే ఆగస్టులో చేసింది. 220 732 అని ఒక్క అంకెతో ఏడాది వేస్తే అది 1957 కావచ్చు, 1967 కావచ్చు. అప్పుడు చీటీ, చెక్క, కెపాసిటర్లు అన్నీ చూసి దశాబ్దం తేల్చాలి.

అన్నిటికీ ఒకటే లెక్క: ఎవరి చెయ్యీ పడని భాగాల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, పెట్టె వయసు దానికంటే ఎక్కువ కాదు. ‘ఎవరి చెయ్యీ పడని’ అన్న మాట ముఖ్యం. టంకం తళతళలాడుతున్నా, స్క్రూల గాడి అరిగినా ఎవరో ఇదివరకే విప్పారన్నమాట, ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేయాలి.

ఇంత తిప్పలు దేనికంటే, వయసు తెలియకుండా చేసిన రిపేరు స్పీకరును పాడుచేస్తుంది. వూఫర్ మారినప్పుడు ఏఆర్ పెట్టె లోపల వూఫర్‌కు కింది స్వరాలను మాత్రమే పంపే కాయిల్ కూడా మార్చింది. పాత కాయిల్ ఉన్న పెట్టెలో కొత్త రకం వూఫర్ బిగిస్తే కింది స్వరాల పొందిక చెడుతుంది. ఇంకొకటి: పై స్వరాలు పలికే ట్వీటర్ పలకకపోతే చాలామంది అది కాలిపోయిందనుకుంటారు. వెనక ఉన్న రెండు తిప్పుడు మీటలకు లోపల చిలుము పట్టి సంకేతం అందకపోవడం ఈ స్పీకర్లలో మామూలే. మీట శుభ్రం చేస్తే పోయేదానికి దొరకని ట్వీటర్‌ను పీకి పారేయడం ఎంత నష్టం!

చివరగా, జత సంగతి. ఆ రోజుల్లో చాలామంది ముందు ఒకటి కొని, స్టీరియో వచ్చాక రెండోది కొన్నారు. సీరియల్ నంబర్లు దూరంగా ఉన్నంత మాత్రాన బెంగపడక్కర్లేదు, రెండింటి వూఫర్లు, కాయిల్స్ ఒకే తరానివైతే చాలు. తేల్చుకోవడానికి మోనో పాట పెట్టండి. 1950ల నాటి ఘంటసాల పాట ఏదైనా సరే. రెండు స్పీకర్లకూ సమదూరంలో కూర్చుంటే గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. పై స్థాయికి వెళ్లినప్పుడు ఒక పక్కకు, కిందికి దిగినప్పుడు ఇంకో పక్కకు జరిగితే, ముందు మీటలు శుభ్రం చేసి మళ్లీ వినండి. అప్పటికీ జరుగుతుంటే లోపలి సరుకు కలవలేదు. అలాంటప్పుడు రెండింటినీ అమ్మేయకండి. ఏది ఏ తరానిదో రాసి పెట్టుకుని, బాగున్నదానికి ఈడైన రెండోదాన్ని వెతకండి.